రెండు జడల పాస్‌పోర్టు

జాహ్నవికి జర్మనీలో పద్దెనిమిది నెలల పని దొరికిందని తెలిసిన రోజు వడమాలపేట ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ఆమె అత్త భారతమ్మ కూడా సంతోషపడింది. పడి, కాసేపు ఊరుకుని, "అయితే వాని పుట్టెంటికలు ఎప్పుడు తీపిచ్చేది?" అని అడిగింది.

వాడంటే చందు. పూర్తి పేరు బాలచంద్ర, జాహ్నవి కొడుకు. వాళ్ళింట్లో మగపిల్లలకు మూడో ఏడు వచ్చేదాకా తలకు కత్తెర తగలకూడదు. మూడో ఏట కొండమీద గుండు చేయించి ఆ జుట్టు స్వామికి ఇవ్వాలి. అంతవరకు పెరిగింది పెరిగినట్టే ఉండాలి. వాడికి అది నడుం దాకా పెరిగింది. భారతమ్మ రోజూ పొద్దున నూనె రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టేది. దారిన పోయేవాళ్ళు "పాప పేరేంది?" అని అడిగితే వాడు నిక్కరు చూపించి "పాప గాదు" అనేవాడు.

జడలు వేసిందీ, అన్నం పెట్టిందీ, జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నదీ భారతమ్మే. జాహ్నవి పళ్ళ గుజ్జు చెడిపోకుండా నిలవచేసే విద్య చదువుకుంది. ఆ చదువు పూర్తి చేయడానికి చందు ఎనిమిదో నెలలో వాణ్ణి అత్త చేతిలో పెట్టి మైసూరు వెళ్ళింది. నెలకొకసారి వచ్చేది. ఆమె భర్త అమర్‌నాథ్‌కు సూళ్లూరుపేట పక్కన ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మామగారు పోయి చాలాకాలమైంది. అంచేత ఆ ఇంట్లో చందుకు కళ్ళు తెరిస్తే భారతమ్మ, మూస్తే భారతమ్మ. వాడు మాటలు నేర్చినప్పుడు ఆమెనే "అమ్మా" అన్నాడు. జాహ్నవిని ఇంట్లో అందరూ జానూ అంటారు కాబట్టి వాడూ "జానూ" అన్నాడు.

మొదటిసారి అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. జాహ్నవి కూడా నవ్వింది. ఆ తర్వాత నెలా అలాగే పిలిచాడు, అప్పుడు మిగతావాళ్ళు నవ్వారు గాని జాహ్నవి నవ్వలేదు.

"అత్తా, నువ్వు అవ్వ అని వానికి చెప్పరాదా?" అని ఒకసారి అడిగింది.

"పసిబిడ్డ, వాని నోటికి ఏం తిరిగితే అది అంటాడు. పెద్దోడైతే వానికే తెలుస్తాది పో" అంది భారతమ్మ. అంతలో పెరట్లోనుంచి చందు "అమ్మా" అని కేక వేశాడు. భారతమ్మ "ఓ నాయనా" అంటూ చటుక్కున లేచి వెళ్ళింది. ఆ పలకడంలో ఆమెకున్న సుఖం జాహ్నవికి కనిపించింది. చూసి ఓర్చుకోవడం కష్టమైంది.

కాబట్టి జర్మనీ ప్రయాణానికి జాహ్నవి పైకి చెప్పిన కారణం ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. పళ్ళ గుజ్జు సంగతి ఎలా ఉన్నా, ఈ పద్దెనిమిది నెలల్లో తన కొడుకు తనను అమ్మా అని పిలవాలి. అందుకే వాణ్ణి తీసుకుపోతానంది. పనిచేసే చోటే పిల్లల్ని చూసుకునే బడి ఉంది, ఇల్లు వాళ్ళే ఇస్తారు, అమర్‌నాథ్ రెండు నెలల తర్వాత సెలవు పెట్టి వస్తాడు.

"ఒక్కదానివి, ఆఫీసు సూస్తావా, బిడ్డను సూస్తావా? వాడు నా సేత్తో పెడితేనే తింటాడు. ఈడ్నే ఇడిసిపో" అంది భారతమ్మ.

"ఒకసారి ఇడిసిపెట్టి పోయినాను గదా అత్తా. ఇంక ఇడిసేది లేదు."

భారతమ్మ చేతినుంచి ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

పాస్‌పోర్టుకు ఫొటో తీయించడానికి పుత్తూరు స్టూడియోకు భారతమ్మే తీసుకెళ్ళింది. పరదేశం పోయే బిడ్డ నీట్‌గా ఉండాలని జడలు బిగించి వేసింది, కాటుక పెట్టింది. స్టూడియో అతను రిబ్బన్లు తీసెయ్యాలంటే అతనితో తగువు పెట్టుకుని, చివరికి తీసింది. ఆ ఫొటోయే పాస్‌పోర్టు మీదికి ఎక్కింది, అదే వీసా మీదికీ ఎక్కింది. రెండు జడలు భుజాల మీదుగా ముందుకు పడి, కాటుక కళ్ళతో బుగ్గలు పూరించి, చూసినవాళ్ళు ముద్దుపెట్టుకునేలా ఉన్న ఆడపిల్ల.

ఆ తర్వాత, ప్రయాణానికి రెండు రోజుల ముందు, మంచిరోజు చూసి కొండకు వెళ్ళి వాడికి గుండు చేయించారు. చందు కళ్యాణకట్ట కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. గుండుకు గంధం పూశాక చల్లగా ఉందని ఊరుకున్నాడు. ఫొటోలన్నీ అమర్‌నాథ్ తన ఫోనులో తీశాడు.

ఇంత జరిగినా, ఫొటోలో ఉన్న తలకూ ప్రయాణం చేయబోయే తలకూ పొంతన లేదన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. డాక్టరేటు ఉన్న జాహ్నవికీ తట్టలేదు. వాళ్ళను అనడానికి లేదు. తిరుపతి చుట్టుపక్కల గుండును ఎవరూ మార్పు కింద లెక్కవేయరు. నిన్న క్రాపుతో కనిపించిన పక్కింటాయన ఇవాళ గుండుతో కనిపిస్తే "దర్శనం బాగా అయిందా?" అని అడుగుతారు గాని, నువ్వెవరని అడగరు.

చెన్నై విమానాశ్రయానికి మధ్యాహ్నమే బయలుదేరారు. నగరి దాటగానే కారు టైరు పగిలింది. డిక్కీలో ఉన్న స్టెప్నీ టైరులో గాలి లేదు. డ్రైవరు దాన్ని భుజాన వేసుకుని పంక్చరు అంగడి వెతుక్కుంటూ పోయాడు. భారతమ్మ కారు దిగి, కిందికి దించిన పెట్టెలకు కాపలా కాస్తున్నట్టు వాటి పక్కన నిలబడి, "మంచి శకునమే. ఎళ్ళొద్దని సెప్తాండాడు దేవుడు" అంది. అమర్‌నాథ్ "అమ్మా, నోరు మూసుకో రవ్వంత" అన్నాడు.

విమానాశ్రయం గేటు బయట తూకం దగ్గర ఇంకో పంచాయితీ. రెండు పెట్టెల్లో ఒకటి బట్టలది, ఒకటి భారతమ్మది. ఆమెదాంట్లో రాగిపిండి, ఊరుబిండి పచ్చడి, చింతపండు, అప్పడాలు, ఎండబెట్టిన మటిక్కాయలు, అంటే గోరుచిక్కుళ్ళు. బరువు ఎక్కువైంది, తగ్గించాల్సి వచ్చింది. అందరూ అక్కడే నేలమీద కూర్చుని పెట్టెలు విప్పారు. అమర్‌నాథ్ రాగిపిండి బయటకు తీశాడు. భారతమ్మ అతని వైపు చూసింది. అతను రాగిపిండి లోపల పెట్టి జాహ్నవి స్వెట్టరు ఒకటి, చీరలు రెండు బయటకు తీశాడు. చలిదేశానికి స్వెట్టరు తగ్గించి రాగిపిండితో పోతున్న మొదటి శాస్త్రవేత్త తానేనని జాహ్నవి అనుకుంది.

అద్దాల తలుపు దగ్గర విడిపోవాలి. చందు భారతమ్మ చంక దిగలేదు. ఆమె మెడ చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. లాగితే ఇంకా బిగించాడు. వెనక క్యూలో జనం. జాహ్నవికి ఏం చేయాలో తోచక, "చందూ, మనం ముందు పోదాం. అమ్మ ఎనకాల ఇంకో ఇమానంలో వస్తాది" అంది.

వాడు చేతులు వదిలాడు. భారతమ్మ ఆ అబద్ధం విని, వాడి గుండు మీద ముద్దు పెట్టి తలుపు బయట నిలబడిపోయింది. మొదటి అడుగే అబద్ధంతో పడిందని జాహ్నవికి సిగ్గేసింది.

లోపల పాస్‌పోర్టులు చూసే ఉద్యోగి చందు ఫొటో చూశాడు, గుండు చూశాడు, పగలబడి నవ్వాడు. "తిరుప్పది మొట్టైయా?" అంటూ, తిరుపతి గుండా అని అరవంలో అడిగి, గుండు మీద తట్టి, ముద్ర వేసి పంపాడు. అప్పుడైనా జాహ్నవికి ఆలోచన వచ్చి ఉండాల్సింది. విమానం ఆలస్యమన్న కబురు అప్పుడే వినిపించడంతో ఆమె బుర్ర అటు పోయింది.

ఆలస్యమైన విమానం వాళ్ళను గల్ఫులో దింపేసరికి రెండో విమానానికి పిలుపు అయిపోతోంది. చందును ఎత్తుకుని, భుజాన సంచి, చేతిలో ఇంకో సంచి, జాహ్నవి పరిగెత్తింది. వాడి చెప్పు ఒకటి ఎక్కడో పడింది. తలుపు మూయబోతుండగా ఎక్కారు. ఎక్కాక వాడు నారింజరసం ఆమె ఒళ్ళో ఒంపాడు. దారంతా వాడు అడిగింది ఒకటే, "అమ్మ ఇమానం యాడుండాది జానూ?" ఆమె ప్రతిసారీ కిటికీలోంచి మబ్బులు చూపించింది.

జర్మనీలో దిగేసరికి అక్కడ పొద్దున. అద్దం వెనక కూర్చున్న పోలీసు అధికారి చిన్నవయసు ఆడమనిషి. జాహ్నవి పాస్‌పోర్టుతో పేచీ లేదు. చందుది తెరిచి ఫొటో చూసింది. ఎదురుగా ఒంటి చెప్పుతో, చెవుల వెనక గంధం మరకలతో, నున్నటి గుండుతో నిలబడిన మగపిల్లాణ్ణి చూసింది. మళ్ళీ ఫొటో చూసింది. తర్వాత లేచి, మర్యాదగా, పక్క గదిలోకి రమ్మంది.

జాహ్నవి ఇంగ్లీషులో అంతా చెప్పింది. మా ఇంట్లో మూడేళ్ళదాకా జుట్టు తీయరు, తర్వాత దేవుడికి ఇచ్చేస్తారు, మొన్ననే ఇచ్చాం. దేవుడు జుట్టు తీసుకుని ఏం చేసుకుంటాడని ఆ అధికారి అడగలేదు. రాసుకుంది, అంతే. ఇంకొక పెద్దాయన వచ్చి ఫొటోలో కనుబొమ్మలూ చెవులూ ముక్కూ పెద్దవి చేసి చందు ముఖంతో సరిచూశాడు. చాలాసేపు చూసి, పిల్లవాడు వీడేనన్నాడు.

కాని తండ్రి తోడులేకుండా వచ్చిన పసివాణ్ణి ఒక మాట అడగకుండా పంపరట. తెలుగు వచ్చినవాళ్ళు దొరకలేదు. ఫోనులో, తెలుగు కాస్త అర్థమయ్యే ఒక తమిళ ఆయనను పట్టుకున్నారు. నగరి పక్క ఊళ్ళో పుట్టిన భారతమ్మ సగం అరవం మాట్లాడుతుంది. అది వాడికీ కొంత పట్టుబడింది.

"తంబీ, అమ్మా ఎంగే?" అంటూ, అమ్మ ఎక్కడని ఫోనులోంచి ఆయన అడిగాడు.

చందు ఉషారుగా, "అమ్మ ఇంకో ఇమానంలో వస్తాండాది" అన్నాడు.

ఆయన, పక్కన కూర్చున్నది ఎవరని అడిగాడు.

"జానూ."

తమిళాయన విన్నది విన్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. అధికారి కలం పక్కన పెట్టింది. జాహ్నవి వాడి పుట్టిన సర్టిఫికెట్ చూపించింది, భర్త సమ్మతి పత్రం చూపించింది. అధికారి అన్నీ చూసి, కాగితాల మీద తనకు అనుమానం లేదని, పిల్లవాడు చెబుతున్నదే వేరుగా ఉందని అంది. పిల్లవాణ్ణి ఎరిగినవాళ్ళు ఇంకెవరైనా ధ్రువపరచాలి, లేకపోతే వచ్చిన దారినే మధ్యాహ్నం విమానంలో వెనక్కి పంపాల్సి రావచ్చు అంది. కోపంగా అనలేదు. ఆమె పని ఆమె చేస్తోంది.

అమర్‌నాథ్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. షిఫ్టులో ఉన్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోన్లు పెట్టించుకుంటారు. ఇక మిగిలింది భారతమ్మ.

ఆ నంబరు నొక్కడానికి జాహ్నవి వెనకాడింది. బిడ్డను వదిలిపొమ్మన్న మనిషి. ఆమె నోటినుంచి ఒక్క అడ్డదిడ్డం మాట వస్తే చాలు, చందు మర్నాటికి వడమాలపేటలో ఉంటాడు, ఆమె చంకలో ఉంటాడు. అత్త చెడ్డది కాదని జాహ్నవికి తెలుసు. కాని ఆశ ఎవరిచేత ఏమనిపిస్తుందో ఎవరు చెప్పగలరు? వేరే దారి లేక నొక్కింది.

వీడియోలో భారతమ్మ ముఖం వచ్చింది. పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టుంది, చెమట పట్టి ఉంది. చందు ఆమెను చూడగానే బల్ల మీదికి ఎగబాకి, "అమ్మా! అమ్మా!" అని తెర మీద చేతులు పెట్టాడు.

"ఓ నాయనా! సేరినారా?" అంది భారతమ్మ. గదిలో ఉన్న ఇద్దరు అధికారులూ ఒకరినొకరు చూసుకున్నారు. అంత స్పష్టంగా ఉన్న మాటను అనువదించాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

జాహ్నవి జరిగిందీ, పక్క ఫోనులో అరవం ఆయన వింటున్నదీ నాలుగు ముక్కల్లో చెప్పింది. "అత్తా, వీడు నా బిడ్డ గాదంటాండారు. నువ్వు సెప్పకపోతే మమ్మల్ని ఎనక్కి పంపిచ్చేస్తారు" అంది.

భారతమ్మ విన్నది. పక్కకు చూసింది, ఎక్కడో గిన్నె మీద మూత సర్దింది. ఆ కాసేపట్లో ఆమె ఏం అనుకుందో జాహ్నవికి ఎప్పటికీ తెలియలేదు. తర్వాత తెరకు దగ్గరగా వచ్చి, తమిళాయనను ఉద్దేశించి అరవంలో చెప్పింది. నాన్ పాట్టి. పెత్తవ అవ దాన్. నేను అవ్వను, కన్నది ఆమె. ఆయన అడక్కముందే మిగతాది కూడా చెప్పింది. చదువుకోసం బిడ్డను తన దగ్గర పెట్టి పోయిందని, తాను పెంచినందుకు వాడు తనను అలా పిలుస్తాడని, ఆ పిలుపు మాన్పించకపోవడం తన తప్పేనని.

తమిళాయన ఒక్కొక్క మాటా చెప్పుకుంటూ పోయాడు. అధికారి తల ఊపుతూ రాసుకుంది.

అక్కడితో అయిపోయేది. కాని చందు ఫోను వదల్లేదు. "అమ్మా, నీ ఇమానం యాడుండాది?" అని అడిగాడు.

"ఇమానమూ లేదు ఏమీ లేదు నాయనా. నేను రాను. నేను అమ్మను గాదు, అవ్వను. నీ పక్కన కూసోనుండాది సూడు, అది మీ అమ్మ."

"గాదు. జానూ."

"అమ్మ. నన్ను అవ్వా అను, పలుకుతా."

"అమ్మా" అన్నాడు చందు.

భారతమ్మ పలకలేదు.

"అమ్మా." వాడు తెరను గట్టిగా తట్టాడు. "అమ్మా!"

ఆమె ఎక్కడికీ పోలేదు, ఫోను ఆపలేదు. పెదవులు బిగించి వాడి వైపే చూస్తూ కూర్చుంది. మూడేళ్ళలో వాడు పిలిచాక ఆమె పలకకపోవడం అదే మొదలు. చందు ముఖం ముడుచుకుపోయింది. వాడు ఏడ్చాడు. కళ్యాణకట్టలో ఏడ్చిన దానికి ఇది పోలిక లేదు, చప్పుడు కూడా లేదు. ఏడుస్తూ బల్ల దిగి, తిరిగి, దగ్గరున్న మనిషి ఒళ్ళో తల దూర్చాడు. ఆ మనిషి జాహ్నవి. ఆమె వాణ్ణి రెండు చేతులా చుట్టేసింది. నారింజరసం మరకల మీద వాడి కన్నీళ్ళు పడ్డాయి.

అధికారి ముద్ర వేసి పాస్‌పోర్టులు చేతికిచ్చింది. తెరలో భారతమ్మ లేదు, ఫోను పెట్టేసింది.

రెండు పెట్టెల్లో ఒకటే వచ్చింది. వచ్చింది భారతమ్మది. రైలు, బస్సు మారి ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తాళాలు ఇవ్వాల్సినావిడ వేరే గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తోందట, ఆమెను వెతుక్కోవడంలో ఇంకొంత సేపు పోయింది. ఇల్లు బాగానే ఉంది. ఒక గది, వంటకు ఒక మూల, పెద్ద కిటికీ. చందు కొత్త ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చి గోడవారగా కూర్చున్నాడు. దారి పొడుగునా వాడు ఎవరినీ ఏమనీ పిలవలేదు.

జాహ్నవి పెట్టె విప్పి రాగిపిండి తీసింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక గిన్నెలో ఎసరు పెట్టింది. సంగటి ఉండలు కట్టకుండా చెక్క గరిటెతో కలుపుతుండగా ఫోను మోగింది. భారతమ్మ.

"ఇల్లు సేరినారా? సలి ఎట్లుండాది? తిన్నాడా వాడు?"

"సంగటి చేస్తా ఉండాను అత్తా." ఆమె ఇంకేదో చెప్పాలనుకుంది. పొద్దున నుంచి అనుకుంటూనే ఉంది, మాట కుదరలేదు. అందుకని ఫోను చందు ముందు పెట్టి, "చందూ, అమ్మ మాట్లాడతాందిరా" అంది. కావాలనే అంది.

"అవ్వ" అని సరిదిద్దింది భారతమ్మ.

చందు తెర వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పిలిస్తే పలుకుతుందో లేదోనని భయం వాడి కళ్ళలో తెలుస్తూనే ఉంది. చివరికి మెల్లగా, కొత్త మాట నోట్లో పెట్టుకున్నట్టు, "అవ్వా" అన్నాడు.

"ఓ నాయనా" అని భారతమ్మ వెంటనే పలికింది. ఎప్పుడూ పలికేలాగే పలికింది. ఆ వెంటనే ఫోను పైకి తిరిగిపోయింది. తెర మీద వడమాలపేట ఇంటి కప్పు, తిరుగుతున్న ఫ్యాను తప్ప ఇంకేం లేదు. మాట మాత్రం వస్తూనే ఉంది. "సంగట్లోకి ఊరుబిండి పెట్టు. వేడిగా పెట్టొద్దు, నోరు కాలుతాది వానికి. ఆర్సి పెట్టు." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

జాహ్నవి అలాగే అత్తా అంది. తాను కోరుకున్నది సగం జరిగింది. ఒక మనిషి దగ్గర నుంచి ఆ పిలుపు పోయింది, కాని అది ఇంకా ఇటు రాలేదు. గెలిచినట్టు లేదు. దొంగిలించి తెచ్చినదాన్ని దారిలో పోగొట్టుకున్నట్టు ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు కూడా.

చందు లేచి వచ్చి ఆమె కొంగు పట్టుకుని లాగాడు.

"జానూ," అన్నాడు, "ఆకలి."